మిడ్‌లాండ్ రెడ్: ఇంగ్లాండు ఎర్రబస్సుల కంపెనీ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

టవర్‌క్లాక్, అనంతపురం:

అందరికీ నమస్కారం. మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనాడు. మా పిన్నమ్మ కొడుకు ఇంగ్లాండులో కోవెంట్రీలో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మా నాయనకని ఒక పాత బొమ్మ బస్సు తెచ్చినాడు. అక్కడ పాత సామాన్లు అమ్మే అంగట్లో కొన్నాడంట. కార్గీ కంపెనీది. జానెడు కూడా ఉండదు గానీ చేతిలో పెట్టుకుంటే బరువుగా ఉంది. ఒళ్ళంతా ఎరుపు, టాపు నలుపు, కిటికీల్లోంచి చూస్తే లోపల పసుపు సీట్లు. రంగు అక్కడక్కడ లేచిపోయింది. పక్కన ‘బర్మింగ్‌హామ్–లండన్ మోటార్‌వే ఎక్స్‌ప్రెస్’ అని రాసి ఉంది. కంపెనీ పేరు మిడ్‌లాండ్ రెడ్.

మా నాయన దాన్ని బల్ల మీద పెట్టుకుని రోజూ ఏదో ఒకటి అడుగుతాడు. ‘ముందర బానెట్టు లేదు, డ్రైవరు పక్కన ఇంజను పెట్టె లేదు, మరి ఇంజను యాడుంది?’ అనేది మొదటిది. ‘ఇది లేలాండా, ఇంకొకటా? తయారు చేసిందెవరు?’ రెండోది. ‘గవర్నమెంటుదా, ప్రైవేటుదా, ఇప్పటికీ తిరుగుతాందా?’ మూడోది. నెట్‌లో చూస్తే ఇంగ్లీషులో కుప్పలుగా ఉంది, చదివి ఆయనకు చెప్పడం నా వల్ల కావడం లేదు. ఈ గుంపులో ఆర్టీసీ వాళ్ళు, విదేశాల్లో ఉండేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా. తెలిసినంత చెప్పండి. తెలుగులో రాస్తే ఆయనకు అట్లే చదివి వినిపిస్తా.


కొండారెడ్డి బురుజు, కర్నూలు:

బ్రిటన్ బస్సులంటే మనకు తెలిసినవి రెండే. ఒకటి ఆల్బియన్. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టినప్పుడు తెప్పించినవి గ్లాస్గోలో తయారైన ఆల్బియన్లే. అప్పటికి మన కర్నూలు మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి అవి తుంగభద్ర అవతలి కథ. ఇటుపక్క ప్రైవేటు బస్సులే. రెండోది లేలాండ్, అది లాంకషైర్‌లో ఒక ఊరి పేరు. మద్రాసు ఎన్నోరులో వాళ్ళతో కలిసి పెట్టిందే అశోక్ లేలాండ్.

మిడ్‌లాండ్ రెడ్ గురించి అయితే కడప పాత గ్యారేజి పెద్దాయన చెప్పాల్సిందే. బర్మింగ్‌హామ్‌లో ఉండి వచ్చినాడాయన. పెద్దాయనా, ఒకసారి ఇటు రా.


పాత గ్యారేజి, కడప:

వచ్చినా.

అబ్బీ, మీ నాయన అడిగిన మొదటి ప్రశ్నలోనే ఆ కంపెనీ సత్తా అంతా ఉండాది. ఇంజను సీట్ల కింద ఉంటుంది, నేల అడుగున, పక్కకు పడుకోబెట్టి. మన బండ్లలో డ్రైవరు పక్కన పెట్టె, ఆ పెట్టె మీద ఒకరు కూర్చోవడం, ఎండాకాలం డ్రైవరు ఎడమ కాలు వేడికి మాడిపోవడం మీ నాయనకు బాగా తెలుసు. మిడ్‌లాండ్ రెడ్ వాళ్ళు ఆ పెట్టెను 1946లోనే ఎత్తేసి, ఇంజను అడుగున పెట్టిన బస్సులు వరసగా దించడం మొదలుపెట్టినారు. దానివల్ల ముందు నుంచి వెనక దాకా నేలంతా సీట్లకే దొరుకుతుంది. తలుపు డ్రైవరు పక్కనే, ముందు చక్రానికి ముందర పెట్టుకోవచ్చు. ఎక్కేవాళ్ళు డ్రైవరు కళ్ళ ముందే ఎక్కుతారు.

రెండో ప్రశ్న: లేలాండ్ కాదు, ఇంకెవరిదీ కాదు. వాళ్ళ బస్సు వాళ్ళే చేసుకున్నారు. ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, వాళ్ళదే, ఇంజను వాళ్ళదే. 1923 నుంచి 1970 దాకా. బర్మింగ్‌హామ్‌లో ఎడ్జ్‌బాస్టన్ అనే పేట ఉండాది, క్రికెట్ చూసేవాళ్ళకు తెలుసు. అక్కడ కార్లైల్ రోడ్డులో వాళ్ళ సెంట్రల్ వర్క్స్. ఒక బస్సు తిప్పుకునే కంపెనీ దాదాపు యాభై ఏండ్లు తన బండ్లు తానే గీసుకుని, తానే తయారు చేసుకుని, తన రూట్లలోనే అరగదీసి, ఆ అరుగుదల చూసి మళ్ళీ కొత్తది గీసుకోవడం అనేది చిన్న సంగతి కాదు.

నేను కడప గ్యారేజీలో చేరి, తర్వాత జోనల్ వర్క్‌షాపులో చేసి దిగిపోయినాను. గువ్వలచెరువు ఘాటు దిగి వచ్చిన బండ్ల బ్రేకు డ్రమ్ములు విప్పినవాణ్ణి. పులివెందుల పల్లెల్లో నైట్ హాల్ట్ చేసి తెల్లారి వచ్చే బండ్లకు కమాను పట్టీలు మార్చినవాణ్ణి. మేము ఎప్పుడూ అనుకునే మాట ఒకటే: ఈ బండి గీసినాయన ఈ దారిలో ఒక్కరోజు ప్రయాణం చేసి ఉంటే ఈ బోల్టు ఇక్కడ పెట్టడు. మిడ్‌లాండ్ రెడ్‌లో గీసినాయనకు ఆ దారి తెలుసు. అందుకే ఆ కంపెనీ అంటే నాకు అంత గౌరవం.

ఇంక కథ మొదటినుంచి చెబుతా, మీ నాయనకు నిదానంగా చదువు.

కంపెనీ అసలు పేరు బర్మింగ్‌హామ్ అండ్ మిడ్‌లాండ్ మోటార్ ఆమ్నిబస్ కంపెనీ. పొట్టిగా బి.ఎం.ఎం.ఓ. పెట్టింది 1904లో. మోటారు బస్సులు తిప్పినారు గానీ ఆ కాలపు బండ్లు పొద్దుకొక చోట నిలబడిపోయేవి. విసిగిపోయి 1907లో మోటార్లన్నీ పక్కన పెట్టి మళ్ళీ గుర్రపు బస్సులకే పోయినారు. పేరులో మోటార్ ఉండాది, లాగేది గుర్రం! ఐదేండ్లు అట్లే నడిపి 1912లో మళ్ళీ మోటారు పట్టుకున్నారు. ఈసారి తెచ్చినవి టిల్లింగ్-స్టీవెన్స్ బండ్లు. వీటి సంగతి నాకు చాలా ఇష్టం. పెట్రోలు ఇంజను ఉంటుంది గానీ అది చక్రాన్ని తిప్పదు, డైనమోను తిప్పుతుంది. ఆ కరెంటుతో మోటారు తిరిగి చక్రాన్ని నడుపుతుంది. గేర్లు లేవు, క్లచ్చితో పని లేదు. నిన్నటిదాకా గుర్రం కళ్ళేలు పట్టుకున్నవాడికి ఆ కాలపు గేరు బాక్సు నేర్పించడం మాటలా? ఆ బాధ తప్పించినారు. ఇప్పుడు హైబ్రిడ్ బస్సులని గొప్పగా చెప్పుకునే దాంట్లో ఒక రకం ఇదే.

ఆ ఏడే విండమ్ షైర్ అనే ఆయన చీఫ్ ఇంజనీరుగా వచ్చినాడు. 1914లో బర్మింగ్‌హామ్ కార్పొరేషనుతో ఒప్పందం అయింది. ఊరి లోపలి రూట్లు కార్పొరేషనుకు, బయట ప్రాంతమంతా కంపెనీకి. నష్టమనుకుంటాం గానీ అదే వాళ్ళను పెద్ద చేసింది. ఊరు వదిలి పల్లెలు, చిన్న పట్టణాలు పట్టుకున్నారు. వూస్టర్, లెస్టర్, ష్రూస్‌బరీ, స్టాఫర్డ్, అన్ని దిక్కులా డిపోలు పడినాయి. లండన్ బయట అంత పెద్ద బస్సు కంపెనీలు చాలా తక్కువ.

1920ల్లో చిన్న చిన్న ప్రైవేటు బండ్లు పోటీకి దిగినాయి. తేలిక బండ్లు, వేగంగా పోయి ముందరున్న ప్యాసింజర్లను ఎత్తుకుపోయేవి. మన దగ్గర ఆర్టీసీ బస్సుకు ముందర జీపులు, ఆటోలు పోయినట్లే. షైర్ దానికి చేసిన మందు ఏమంటే, బరువు తగ్గించిన తన సొంత బస్సు. 1923లో వచ్చింది. దాని పేరు ఎస్.ఓ.ఎస్. ‘షైర్ సొంత లెక్క ప్రకారం’ అనే అర్థంలో పెట్టినారని చెప్పుకుంటారు. ఆ బస్సులు ఎంత బాగా వచ్చినాయంటే ట్రెంట్, నార్తర్న్ జనరల్ లాంటి వేరే కంపెనీలు కూడా వీళ్ళ దగ్గర కొనుక్కున్నాయి.

1940లో షైర్ దిగిపోయి డొనాల్డ్ సింక్లెయిర్ వచ్చినాడు. ఈయన ఇంకా గట్టివాడు. ఇంజను నేల కింద పెట్టడం ఈయన కాలంలోనే. 1950ల్లో వచ్చిన ఎస్14 అనే బస్సు గురించి విను. దానికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. కమాను పట్టీలు లేవు, రబ్బరు సస్పెన్షను. డిస్కు బ్రేకులు. వెనక ఒక్కో పక్క ఒక్కటే టైరు! జంట టైర్లు లేవు. ఇదంతా ఎందుకు? బరువు తగ్గితే డీజిల్ మిగులుతుంది. మన డిపోల్లో కె.ఎం.పి.ఎల్. బోర్డు, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందనే లెక్క, చూసి డ్రైవర్లకు, మెకానిక్కులకు నిద్రపట్టదు కదా, వాళ్ళు ఆ లెక్కను గీత గీసేటప్పుడే మొదలుపెట్టినారు.

మీ నాయన బల్ల మీద ఉన్నది సి5 జాతి కోచ్. దాని కథ వేరే. 1959 నవంబరు 2న ఇంగ్లాండులో ఎం1 మోటార్‌వే తెరిచినారు. అదే రోజు మిడ్‌లాండ్ రెడ్ వాళ్ళు బర్మింగ్‌హామ్ నుంచి లండన్‌కు ఆ దారిలో ఎక్స్‌ప్రెస్ వేసినారు. దారి తెరిచేదాకా ఆగి ఆ తర్వాత ఆలోచించలేదు, బండి ముందే సిద్ధం. ఎనిమిది లీటర్ల ఇంజనుకు టర్బో తగిలించినారు. పొగ గొట్టంలోంచి ఊరికే పోయే వేడి గాలితోనే ఒక చిన్న ఫ్యాను తిప్పి, ఇంజనులోకి గాలి ఎక్కువ తోయడం. ఐదో గేరు ఓవర్‌డ్రైవ్. గంటకు 80 మైళ్ళ పైన, అంటే మన లెక్కలో దాదాపు 130 కిలోమీటర్లు పోయేది. 1965 చివరి దాకా ఆ రోడ్డు మీద స్పీడు లిమిటే లేదు. ఐదు గంటలకు పైగా పట్టే ప్రయాణం మూడున్నర గంటల లోపలికి వచ్చింది. 1959లో! అప్పుడు మన దగ్గర బస్సంటే ముందర ముక్కు ఉన్న టాటా మెర్సిడెస్ బెంజి, లేలాండ్ కామెట్. అంత వేగంగా పోయే బస్సు పిల్లలకు నచ్చకుండా ఉంటుందా, అందుకే కార్గీ వాళ్ళు బొమ్మ చేసినారు. నీ దగ్గరున్నది 1960ల మొదట్లోదే అయ్యుంటుంది, పారేయొద్దు. రంగు లేచిందని మళ్ళీ పెయింటు కొట్టొద్దు.

నేను ఇవన్నీ పుస్తకంలో చదివి మాత్రమే చెప్పడం లేదు. మా అమ్మాయి, అల్లుడు బర్మింగ్‌హామ్‌లో ఉన్నారు. ఊరికి దక్షిణాన వైథాల్ అని ఒక పల్లె, అక్కడ పాత బస్సుల మ్యూజియం ఉండాది. మిడ్‌లాండ్ రెడ్ బండ్లు చాలా కాపాడిపెట్టినారు. నడిపేదంతా వాలంటీర్లే. నా వయసు వాళ్ళు నూనె మరకల ఓవరాల్సు వేసుకుని తిరుగుతాంటారు. డి9 అనే డబుల్ డెక్కరు దగ్గర నేను వంగి వంగి చూస్తాంటే ఒకాయన వచ్చి అడిగినాడు. మా అమ్మాయి నేనేం పని చేసిందీ చెప్పింది. అంతే, ఆయన టార్చి తెచ్చి చేతికిచ్చి, ‘కావాలంటే కింద పడుకుని చూడు’ అన్నాడు.

పడుకున్నాను. పంచె కాదు, ప్యాంటే వేసుకుని ఉంటి గాబట్టి సరిపోయింది. డి9కు కూడా కమాను పట్టీలు లేవు. యాక్సిల్ (ఇరుసు) పైన పట్టీల కట్ట, యు-బోల్టులు ఉండాల్సిన చోట ఇనుప పలకల మధ్య అతికించిన రబ్బరు దిమ్మలు. ముందు చక్రాలు దేనికదే విడిగా ఊగుతాయి. నేను వేలితో రబ్బరు అంచు నొక్కి చూసినాను. రాయి మాదిరి గట్టిగా ఉండి, ఇనుముకు అతుక్కున్న చోట సన్నగా వెంట్రుక వాసి పగుళ్ళు. యాభై ఏండ్ల పైబడిన బండి, ఇంకా నిలబడే ఉండాది. గ్రీజు కొట్టే నిపిల్ లేదు, పట్టీ విరిగే భయం లేదు. మా వర్క్‌షాపులో పట్టీల సెక్షన్లో సమ్మెట దెబ్బలు విని విని చెవులు మందగించినవాళ్ళు గుర్తొచ్చినారు. 72 సీట్ల బండి అది. బరువు మాత్రం ఆ సైజు వేరే బండ్ల కంటే తక్కువని ఆయన చెప్పినాడు.

పక్కనే డి10. ఇంజనును నేల కిందే పెట్టి డబుల్ డెక్కరు చేసినారు, 78 సీట్లు. రెండే రెండు తయారైనాయి. అప్పటికి డైమ్లర్, లేలాండ్ వాళ్ళు వెనక ఇంజను డబుల్ డెక్కర్లు దించేసినారు. మిడ్‌లాండ్ రెడ్ కూడా డైమ్లర్ ఫ్లీట్‌లైన్లు కొనడం మొదలుపెట్టింది. నాకైతే డి10 ముందర ఎక్కువసేపు నిలబడాలనిపించింది. అది తప్పుడు బండి కాదు, ఒక్క అడుగు ఆలస్యంగా వచ్చిన బండి.

సొంత తయారీ ఎందుకు ఆగిపోయిందంటే, చేతులు లేక. బర్మింగ్‌హామ్ చుట్టూ కార్ల ఫ్యాక్టరీలు. లాంగ్‌బ్రిడ్జిలో ఆస్టిన్ వాళ్ళు ఇచ్చే జీతం బస్సు కంపెనీ ఇవ్వలేదు. ఫిట్టర్లు పోయినారు, డ్రైవర్లు, కండక్టర్లు కూడా పోయినారు. పోయినవాళ్ళు కార్లు చేసినారు, ఆ కార్లు కొన్నవాళ్ళు బస్సు ఎక్కడం మానేసినారు.

మూడో ప్రశ్నకు జవాబు రేపు రాస్తా. కన్ను నీళ్ళు కారుతాంది.


టవర్‌క్లాక్, అనంతపురం:

పెద్దాయనా, నీకు పాదాభివందనం. మా నాయనకు మొత్తం చదివి వినిపించినా. ఇంజను పడుకోబెట్టి ఉంటుందని విన్నంతనే బొమ్మను తిరగేసి అడుగు చూసినాడు. ‘మరి ఆయిలు మార్చాలంటే ప్రతిసారీ పిట్టు (మనిషి దిగి బండి అడుగున పనిచేసే గుంట) మీదికి ఎక్కించాల్సిందేనా?’ అని అడగమన్నాడు. ఇంకొకటి కూడా. డ్రైవర్లు, కండక్టర్లు దొరకలేదన్నావు కదా, మరి అప్పట్లో మన దేశం వాళ్ళు అక్కడికి చాలామంది పోయినారంటారే, వాళ్ళను తీసుకోలేదా?


పెనుకొండ అమ్మాయి, బ్రిస్టల్:

ఈ రెండో ప్రశ్నకు నేను చెప్తాను. నేను బ్రిస్టల్‌లో నర్సుగా చేస్తున్నాను. డ్యూటీకి రోజూ బస్సులోనే పోతాను. ఇక్కడ బస్సు నడిపేవాళ్ళలో సోమాలీలు, పంజాబీలు, జమైకా వాళ్ళు, పోలండు వాళ్ళు అందరూ కనిపిస్తారు. అరవై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో అట్లా ఉండేది కాదు.

అప్పుడు ఇక్కడ బస్సులు బ్రిస్టల్ ఆమ్నిబస్ కంపెనీవి. అది ప్రభుత్వ యాజమాన్యంలో ఉన్న కంపెనీ. నల్లవాళ్ళను, ఆసియా వాళ్ళను బస్సు మీదికి డ్రైవరుగా, కండక్టరుగా తీసుకోకూడదని నియమం పెట్టుకున్నారు. గ్యారేజీలో కడగడానికి, క్యాంటీనులో పనికి మాత్రం పనికొస్తారు. 1955లో అక్కడి యూనియన్ శాఖ కూడా అదే తీర్మానం చేసింది. మనుషులు చాలక సర్వీసులు రద్దవుతుంటే కూడా.

1963లో పాల్ స్టీఫెన్‌సన్ అనే యువకుడు దీన్ని బయటపెట్టాలని అనుకున్నారు. గై బెయిలీ అనే కుర్రవాడికి కండక్టరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ మాట్లాడారు. చదువుంది, పనిలో మంచి పేరుంది. తీరా ఆ అబ్బాయి వెస్టిండియన్ అని తెలిసేసరికి ఇంటర్వ్యూ లేదన్నారు. ఏప్రిల్ 30న బస్సుల బహిష్కరణ మొదలైంది. స్టీఫెన్‌సన్‌తో పాటు రాయ్ హ్యాకెట్, ఓవెన్ హెన్రీ లాంటివాళ్ళు ముందు నిలిచారు. యూనివర్సిటీ విద్యార్థులు ఊరేగింపు తీశారు. అప్పుడు ట్రినిడాడ్ హైకమిషనరుగా ఉన్న క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ కూడా గట్టిగా మాట్లాడారు. నాలుగు నెలలు పట్టింది. ఆగస్టు 28న కంపెనీ ఆ నియమం ఎత్తేస్తున్నామని ప్రకటించింది.

సెప్టెంబరు 17న బ్రిస్టల్‌లో తెల్లవాడు కాని మొదటి కండక్టరు డ్యూటీ ఎక్కాడు. ఆయన మనవాడే, రఘ్బీర్ సింగ్ అనే సిక్కు. ఆయన వెనక కొద్ది రోజుల్లో ఇద్దరు జమైకా వాళ్ళు, ఇద్దరు పాకిస్తానీలు వచ్చారు. పోరాటం మొదలుపెట్టింది జమైకా నుంచి వచ్చినవాళ్ళు, మొదటి ఉద్యోగం దొరికింది మనవాడికి. ఇక్కడి భారతీయులు ఈ ముక్క మరచిపోకూడదని నేను ఎప్పుడూ చెప్తుంటాను. 1965లో వచ్చిన రేస్ రిలేషన్స్ చట్టానికి ఈ ఉద్యమం ఒక కారణమని ఇక్కడ అందరూ అంటారు. బ్రిస్టల్ బస్ స్టేషన్‌లో దీని గుర్తుగా ఫలకం పెట్టారు. నైట్ డ్యూటీ దిగి వచ్చేటప్పుడు దాని ముందునుంచే పోతాను.

పెద్దాయన చెప్పిన మిడ్‌లాండ్స్‌లో కూడా ఒక గొడవ జరిగింది. ఉల్వర్‌హ్యాంప్టన్‌లో కార్పొరేషన్ బస్సుల మీద పనిచేసే తర్సేమ్ సింగ్ సంధూ 1967లో గడ్డం పెంచి, తలపాగా కట్టుకుని వస్తే ఇంటికి పంపేశారు. ఊరేగింపులు జరిగాయి, ఇండియా ప్రభుత్వం దాకా పోయింది. చివరికి 1969 ఏప్రిల్‌లో తలపాగాకు ఒప్పుకున్నారు. తలపాగా కట్టుకుని బస్సు నడపడానికి రెండేళ్ళు పోరాడాల్సి వచ్చింది.


కొండారెడ్డి బురుజు, కర్నూలు:

అమ్మా, ఇది నాకు అస్సలు తెలియదు. ప్రభుత్వ కంపెనీ అయ్యుండి అట్లా చేసినారా! స్కూలు పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇది.


పాత గ్యారేజి, కడప:

అమ్మాయ్, బాగా చెప్పినావు. పల్లె పల్లెకూ పోయేది బస్సు. దాని మీద ఎవరు టికెట్ కొడతాండారో ఊరంతా చూస్తుంది. అందుకే బస్సు మీదనే అంత పోరాటం జరిగింది అనిపిస్తుంది నాకు. మన దగ్గర ఆడపిల్లలు టికెట్ ట్రే పట్టుకుని కండక్టర్లుగా వచ్చినప్పుడు కూడా బస్టాండులో నిలబడి చూసినవాళ్ళు ఉన్నారు, గొణిగినవాళ్ళు ఉన్నారు. ఏడాది తిరక్కముందే ఎవరికీ గుర్తు లేదు.

అనంతపురం అబ్బీ, మీ నాయన ఆయిలు ప్రశ్నకు: ఆయిలు దించాలంటే పిట్టు కావాల్సిందే. మిగతా వాటికి పక్కన మూతలు ఉంటాయి, తెరిచి చెయ్యి పెట్టొచ్చు. మన పల్లె దారుల దుమ్ముకు, వంకల్లో నీళ్ళకు ఆ ఇంజను ఎన్నాళ్ళు తట్టుకునేదో అని నాకు గుబులే. తారు రోడ్డు మీద మాత్రం దానికి సాటి లేదు.

గవర్నమెంటుదా ప్రైవేటుదా అంటే, రెండూ అయింది. మొదట బి.ఇ.టి. అనే ప్రైవేటు గ్రూపుది. 1930లో రైల్వే కంపెనీలు సగం వాటా కొన్నాయి. 1948లో రైళ్ళు జాతీయం కాగానే ఆ సగం సర్కారుకు పోయింది. మిగతా సగం కూడా బి.ఇ.టి. వాళ్ళు సర్కారుకే అమ్ముకున్నాక, 1969 జనవరి 1న నేషనల్ బస్ కంపెనీ అని పెట్టి దాంట్లో కలిపినారు.

ఆ తర్వాత జరిగిందే నాకు మింగుడు పడదు. 1973 డిసెంబరులో బర్మింగ్‌హామ్, దాని పక్కనుండే బ్లాక్ కంట్రీ అనే ఫ్యాక్టరీల ప్రాంతంలోని రూట్లు, డిపోలు, నాలుగు వందలకు పైగా బస్సులు అక్కడి ప్రభుత్వ రవాణా సంస్థకు ఇచ్చేసినారు. లాభం వచ్చే ఊళ్ళు పోయినాయి, చుట్టూ నష్టపు పల్లెలు మిగిలినాయి. గారె మధ్యలో చిల్లు పెట్టినట్లు. ఆఫీసు మాత్రం ఆ చిల్లులోనే, బర్మింగ్‌హామ్‌లోనే ఉండిపోయింది! పల్లె రూటు ఒక్కటే తన డబ్బుతో తాను బతకలేదు. కడప–తిరుపతి రూట్లో వచ్చింది పెట్టి పులివెందుల లోపలి పల్లెకు బస్సు వేస్తాం, ఆర్టీసీ నడిచేదే అట్ల. మంచి రూటును కోసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని నువ్వే బతుకు అంటే ఏమవుతుంది? అదే అయింది. ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతాండారో సర్వే చేసి, ప్రాంతం వారీగా ఖర్చు రావాల్సిందే అని రూట్లు కత్తిరించినారు. 1981 సెప్టెంబరులో కంపెనీనే ముక్కలు చేసినారు. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర ఒక్కో దిక్కుకు ఒక్కో మిడ్‌లాండ్ రెడ్, కోచ్‌లకు ఇంకొకటి. 1986 అక్టోబరు 26 నుంచి లండన్ తప్ప ఎక్కడైనా ఎవరైనా బస్సు తిప్పుకోవచ్చన్నారు. ముక్కలన్నీ ప్రైవేటుకు అమ్మేసినారు. తిరిగి తిరిగి అవి స్టేజ్‌కోచ్, అరైవా, ఫస్ట్ లాంటి పెద్ద గ్రూపుల చేతికి పోయినాయి.

మన ఆర్టీసీ దారి తిరగబడి నడిచింది. 1958లో కార్పొరేషను, 2020 జనవరి 1న సిబ్బందిని ప్రభుత్వంలోనే కలిపినారు. అది మేలా కీడా అని మన గుంపులోనే ఎన్నోసార్లు వాదించుకున్నాం, మళ్ళీ మొదలుపెట్టను. నేను చెప్పేది ఒక్కటే, ఘాటు రూటునూ పల్లె రూటునూ మంచి రూటునూ ఒకే చేతి కింద ఉంచండి. అది విడదీసినోళ్ళు మళ్ళీ కలపలేకపోయినారు.

ఇప్పుడు తిరుగుతాందా అంటే, ఎర్రబస్సు మీద ఆ పేరు లేదు. కానీ లెమింగ్టన్, రగ్బీ పక్క తిరిగే స్టేజ్‌కోచ్ బస్సులు కాగితాల మీద మిడ్‌లాండ్ రెడ్ సౌత్ లిమిటెడ్ అనే కంపెనీవే. బస్సు పక్కన కింద అంచులో యజమాని పేరు చిన్న అక్షరాలతో రాయాలి కదా, అక్కడ కనపడుతుంది. మీ పిన్నమ్మ కొడుకు కోవెంట్రీలోనే ఉన్నాడంటివి, స్టాండులో వంగి చూడమను.

బ్రిస్టల్ అమ్మాయ్, నీతో ఒక పని ఉండాది. మీ ఊళ్ళో బ్రిస్లింగ్టన్ అనే పేటలో బస్సు ఛాసిస్‌ల ఫ్యాక్టరీ ఉండేది, 1983లో మూసేసినారు. అక్కడ చేసిన లోడెక్కా అనే డబుల్ డెక్కరు మామూలు వాటికంటే అడుగు తక్కువ ఎత్తు. రైలు బ్రిడ్జీల కింద దూరిపోయేది. కింది అంతస్తు నడవ కిందికి దించాలంటే వెనక యాక్సిల్ మధ్యలో కిందికి వంచాలి, ఇంజను నుంచి వెనక చక్రాలకు తిప్పుడు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక పక్కకు జరపాలి. అట్ల చేసినారని చదివినాను గానీ కంటితో చూడలేదు. అక్కడ పాత బస్సుల మేళా ఏదైనా జరిగితే పోయి, వెనకనుంచి వంగి డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మీదుండే గేర్ల గుండు) ఫోటో ఒకటి తీసి పెట్టమ్మా. ఫ్లాష్ వెయ్యి, అడుగున చీకటిగా ఉంటుంది. ఎడమపక్క నుంచి ఒకటి, నడిమధ్య నుంచి ఒకటి.